నాలుగున్నరకు గేటు తీయించండి

రెండు తెలుగు రాష్ట్రాల క్రీడాధికారులకు, జిల్లా అథ్లెటిక్స్ సంఘాల పెద్దలకు నమస్కారం.

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్లుగా పరుగెత్తుతున్నాను. మా ఊళ్లో ఉద్యోగాలు చేసుకుంటూ పరుగెత్తేవాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం. ఇద్దరు టీచర్లు, ఒక లైన్‌మన్, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, టైర్ల షాపులో ఒకతను, ఇలా. మొన్నటిదాకా పది మందిమి. మైదానం గేటు పొద్దున నాలుగున్నరకు తీయమని, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా రాగలిగేలా పోటీలు పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ పదో అబ్బాయితో మొదలుపెడతాను.

అతను కొరియర్ పార్సిళ్లు పంచేవాడు. ఇరవై రెండేళ్లు. రోజంతా బండి మీద తిరిగి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడు. అయినా పొద్దున నాలుగూ ఇరవైకల్లా మైదానం గోడ దగ్గర మా అందరికంటే ముందు నిలబడి ఉండేవాడు. గోడ దగ్గర అని ఎందుకన్నానంటే గేటుకి తాళం. మా మైదానం ఆరింటికి గానీ తెరవరు. డిసెంబరులో ఒక ఆదివారం గోడ దూకి లోపలికి వెళ్లాం. అది మట్టి ట్రాక్. వానకి గీతలన్నీ కొట్టుకుపోతే ముందురోజు సాయంత్రం మేమే స్టీలు టేపుతో కొలిచి, సున్నం పోసి 400 మీటర్ల గీత వేసుకున్నాం. ల్యాపు అంటే ఆ గీత చుట్టూ ఒక రౌండు. ఆ రోజు పరుగు 5,000 మీటర్లు, అంటే పన్నెండున్నర ల్యాపులు. లెక్క తప్పకుండా ఎడం చేతిలో చింతగింజలు పెట్టుకుని, అతను ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ ఒకటి కింద పడేశాను. కుడి చేతిలో స్టాప్‌వాచ్. ల్యాపుకి 72, 73, 72, 72, 73 సెకన్లు... అలా గడియారం ముల్లులాగా తిరిగాడు. చివరి ల్యాపు 69. మొత్తం 15 నిమిషాల 4 సెకన్లు. పరుగు మొదలుపెట్టి అప్పటికి ఏడాదిన్నర. కోచ్ లేడు, స్పైక్స్ (కింద మేకులుండే పరుగు బూట్లు) లేవు.

15:04 గొప్ప టైమింగ్ అని నేను అనను. జాతీయ స్థాయిలో పతకం గురించి ఆలోచించాలంటే ఇంకో నిమిషం పైగా దిగాలని నాకూ తెలుసు. కానీ ఏడాదిన్నరలో అంత దూరం వచ్చినవాడు నాలుగైదేళ్లలో ఎక్కడికి చేరేవాడో చూడాలని నాకు ఎంతో ఆశగా ఉండేది. చూడలేకపోయాను. జిల్లా సెలక్షన్లు బుధవారం పెట్టారు. ఆ సంగతి సోమవారం రాత్రి తెలిసింది. సెలవు అడిగితే మేనేజరు, బుధవారం రాకపోతే గురువారం కూడా రావక్కర్లేదన్నాడట. సెలక్షన్లు చూసే ఒకాయనకు ఫోన్ చేసి, నా టైమింగ్ ఎప్పుడైనా ఆదివారం చూస్తారా సార్ అని అడిగాడు. "ఉద్యోగం చేసుకునేవాడివి, నీకెందుకయ్యా ఇది, దీనికి పొద్దస్తమానం ట్రైనింగులో ఉండాలి" అన్నాడాయన. ఆ మాట తర్వాత అతను రావడం మానేశాడు. మొన్న ఆస్పత్రి గేటు దగ్గర పార్సిలుతో కనిపిస్తే, "ఇప్పుడు పొద్దున్నే లేవట్లేదక్కా" అన్నాడు. అంతకు మించి ఏమీ మాట్లాడలేదు.

ఆ పెద్దమనిషి మాటకు జవాబు చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. ఆయన చెడ్డవాడని కాదు. మనలో చాలామంది నిజంగానే అలా అనుకుంటారు. దూరపు పరుగులో పైస్థాయికి వెళ్లాలంటే ఉద్యోగం మానేయాలి, లేదా ఉద్యోగం పేరుకే ఉండి పరుగే పని కావాలి, మూడో దారి లేదు అని. ఆ మూడో దారిలో నడిచినవాళ్లున్నారు.

మారథాన్ రన్నర్ యూకీ కవౌచి గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. జపాన్‌లో సైతామా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వ ఉద్యోగిగా ఉండేవాడు. రాత్రిపూట నడిచే హైస్కూలు ఆఫీసులో గుమాస్తా. డ్యూటీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. జపాన్‌లో పెద్ద రన్నర్లు ఎక్కువమంది కంపెనీ జట్లలో ఉంటారు. వాళ్లకు జీతం, కోచ్, హాస్టలు, మసాజ్ చేసేవాళ్లు అన్నీ ఉంటాయి. రోజుకు రెండుసార్లు పరుగెడతారు. కవౌచికి రోజుకు ఒక్కసారే కుదిరేది, పొద్దున పూట. వారంలో గట్టిగా చేసేది రెండు రోజులే. బుధవారం వేగం పని, శని ఆదివారాల్లో ఒక లాంగ్ రన్ లేదా ఏదో ఒక పోటీ. మిగతా రోజులన్నీ నెమ్మది పరుగు. హైస్కూల్లో ఉన్నప్పుడు విపరీతమైన ట్రైనింగుతో మాటిమాటికీ గాయాలపాలైన కుర్రాడు. తక్కువ చేస్తే ఎక్కువ కాలం నిలబడొచ్చని కాలేజీలోనే నేర్చుకున్నాడు.

2011లో టోక్యో మారథాన్‌లో 2:08:37తో, అంటే 2 గంటల 8 నిమిషాల 37 సెకన్లతో మూడో స్థానం, జపాన్ వాళ్లలో మొదటి స్థానం. 2013లో సియోల్‌లో 2:08:14. అదే ఏడాది డిసెంబరులో ఫుకుఓకాలో 2:09:05, సరిగ్గా రెండు వారాలకే హోఫులో 2:09:15. ఆ ఉద్యోగంలో ఉండగానే మూడుసార్లు ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో దేశం తరఫున పరుగెత్తాడు. వాటిలో 2017లో లండన్‌లో తొమ్మిదో స్థానం. 2018 ఏప్రిల్ 16న బోస్టన్‌లో గడ్డకట్టే చలి, ఎదురుగాలి, జోరువాన. మహామహులు దారిలోనే ఆగిపోతుంటే, ముందు ఏడాది విజేత జెఫ్రీ కిరుయిని చివరి రెండు కిలోమీటర్లలో దాటి 2:15:58తో గెలిచాడు. 1987లో తోషిహికో సెకో తర్వాత బోస్టన్ గెలిచిన జపాన్ మగవాడు అతనే. గెలిచేనాటికి స్కూలు ఆఫీసులో ఉద్యోగమే.

ఒక నిజం దాచకూడదు. 2019 ఏప్రిల్‌లో అతను ఉద్యోగం వదిలి పూర్తికాలపు రన్నర్ అయ్యాడు. 2021లో జపాన్‌లోనే లేక్ బివా మారథాన్‌లో 2:07:27 పరుగెత్తాడు. పూర్తికాలం ట్రైనింగ్‌తో లాభం లేదని నేను వాదించను. సియోల్‌లో 2:08:14కి, ఈ 2:07:27కి మధ్య తేడా మాత్రం 47 సెకన్లు. మొదటిది గుమాస్తాగా ఉన్నప్పటిది. ఆ 47 సెకన్ల కోసం రేపు మనవాడెవడైనా ఉద్యోగం వదలాల్సి వస్తే సంతోషంగా వదిలేస్తాడు. 2:08 దాకా రావడానికి వదలాల్సిన పని లేదన్నదే నేను చెబుతున్నది.

ఇతనొక్కడు అద్భుతం, అందరికీ కుదరదు అంటారేమో. ఇంగ్లండ్‌లో రాన్ హిల్ బట్టల పరిశ్రమలో కెమిస్టు. ఇంటినుంచి పనికి పరుగెత్తుకుంటూ వెళ్లి, పరుగెత్తుకుంటూ తిరిగొచ్చేవాడు. 1970లో బోస్టన్‌ని 2:10:30తో, అదే ఏడాది ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడల్లో మారథాన్‌ని 2:09:28తో గెలిచాడు. అమెరికాలో కీరా డమాటో ఇళ్ల క్రయవిక్రయాల ఏజెంటు, ఇద్దరు పిల్లల తల్లి. ఏళ్ల తరబడి ఆపేసిన పరుగుని మళ్లీ మొదలుపెట్టి, 37 ఏళ్ల వయసులో 2022 జనవరిలో హ్యూస్టన్‌లో 2:19:12తో అప్పటి అమెరికా రికార్డు తిరగరాసింది.

నా మనసుకు అందరికంటే దగ్గరగా ఉండేది రొబెర్టా గ్రోనర్. 2019 దోహా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్ల మారథాన్‌ని ఎండకు భయపడి అర్ధరాత్రి మొదలుపెట్టారు. ఆ వేళకి కూడా 30 డిగ్రీలు దాటింది, గాలి నిండా తేమ. 68 మంది మొదలుపెడితే చివరిదాకా వచ్చింది 40 మందే. గ్రోనర్ ఆరో స్థానంలో వచ్చింది. వయసు 41. ముగ్గురు కొడుకులు. ఆవిడా నర్సే, డ్యూటీ చేస్తూనే ఆ స్థాయికి వచ్చింది.

ఇక లెక్క చూడండి. మారథాన్‌ని 2 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేయాలనుకునేవాడు వారానికి 120 కిలోమీటర్లు పరుగెత్తుతాడనుకుందాం. అందులో ఎక్కువ భాగం, నోరారా మాట్లాడుకుంటూ వెళ్లగలిగేంత నెమ్మది పరుగే. కిలోమీటరుకి సగటున ఐదు నిమిషాలు వేసుకున్నా 600 నిమిషాలు, అంటే పది గంటలు. కండరాల కసరత్తుకి ఇంకో గంట, గంటన్నర. వారంలో ఉన్న 168 గంటల్లో పన్నెండు కూడా కాలేదు. పూర్తికాలపు రన్నర్‌కి మనకంటే అదనంగా దొరికేది పరుగెత్తే సమయం కాదు, విశ్రాంతి. మధ్యాహ్నం నిద్ర, వేళకు తిండి, కాళ్లు పైకి పెట్టుకుని పడుకునే వీలు. అది పెద్ద లాభమే. వరసగా నైట్లు చేసిన వారంలో లేవగానే నాడి చూసుకుంటే మామూలుకంటే ఎనిమిది పది ఎక్కువ కొడుతుంది నాకు. ఆ రోజు ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో ఆగుతూ వేగంగా తీసే పరుగులు) ముట్టుకోను, నెమ్మదిగా నలభై నిమిషాలు తిరిగి వస్తాను. ఉద్యోగం చేసే రన్నర్ నేర్చుకోవాల్సిన మొదటి విద్య అదే, ఏ రోజు ఆగాలో తెలుసుకోవడం. అది మేం నేర్చుకుంటాం. ఆ పన్నెండు గంటలు పరుగెత్తడానికి చోటు మాత్రం మీరే చూపించాలి.

మా ప్రాంతంలో ఫిబ్రవరి దాటితే ఆరున్నరకే ఎండ వీపు మీద పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆరింటికి గేటు తీయడమంటే తీయకపోవడమే. ఎనిమిదింటికి నేను వార్డులో ఉండాలి. అంతకుముందు ఇంట్లో వంట అవ్వాలి, పిల్లకి జడ వేసి బడికి పంపాలి. నాకు మిగిలేది నాలుగున్నర నుంచి ఆరు దాకా. గేటు మూసి ఉంటుంది కాబట్టి ఆ గంటన్నర బైపాస్ రోడ్డు మీద పరుగెడతాను. లారీలు, కుక్కలు, దీపాలు వెలగని స్తంభాలు. మా ఆయన స్కూటీ మీద లైటు వేస్తూ వెనకాలే వస్తారు. ఆయనకి వేరే పని పడిన రోజు నాకు పరుగు లేదు. బ్యాంకు అమ్మాయికి అలా వెంట వచ్చేవాళ్లు ఎవరూ లేరు. అందుకని వారంలో మూడు రోజులు మేడ మీద అటూ ఇటూ తిరుగుతుంది. ఆ మేడ పొడవు పద్దెనిమిది అడుగులు. ఆ అమ్మాయి కాళ్లలో ఎంత బలముందో నేను చూశాను. దాన్ని పద్దెనిమిది అడుగుల మేడ మీద ఖర్చుపెడుతోంది.

నాలుగున్నరకు గేటు, ట్రాక్ చుట్టూ నాలుగు దీపాలు. మొట్టమొదట అడిగేది ఇదే. వాచ్‌మన్ అంత పొద్దున రాలేడంటే తాళంచెవి మాకివ్వండి. రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుంటాం, ఆధార్ నకలు ఇస్తాం, ఏదైనా పాడైతే బాధ్యత మాదేనని రాసిస్తాం. ఉదయపు నడకకు వచ్చే పెద్దవాళ్లు కూడా సంతోషిస్తారు. ఉద్యోగం నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంచగలిగితే ఇంకా మంచిది.

రెండోది పోటీలు. కవౌచి పోటీలనే ట్రైనింగుగా వాడుకున్నాడు. ఒక్క ఏడాదిలో పదికి పైగా మారథాన్లు పరుగెత్తిన సందర్భాలున్నాయి. అది అతనికి ఎలా వీలైంది? దేశమంతటా ప్రతి వారం ఎక్కడో ఒకచోట కచ్చితంగా కొలిచిన పోటీ ఉంది కాబట్టి. జపాన్‌లో యూనివర్సిటీ ట్రాకుల మీద కిరోకుకై అని పెడతారు. టైమింగ్ కోసం మాత్రమే పెట్టే పోటీలన్నమాట. హైస్కూలు పిల్లవాడు, కంపెనీ జట్టు రన్నర్, ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి ఒకే వరసలో నిలబడతారు. ఎవరు ఏ క్లబ్బు, వయసెంత అన్నది కాదు, ఎవరి టైమింగ్ ఎంత అన్నదాన్ని బట్టే గ్రూపులు వేస్తారు. నీ సత్తాకి దగ్గరివాళ్లు పక్కనే పరుగెడుతుంటే నువ్వు ఇంకో ఇరవై సెకన్లు దిగుతావు. మావాడు ఆ డిసెంబరు పొద్దున ఒంటరిగా, చీకట్లో, నా చింతగింజల లెక్క మీద 15:04 పరుగెత్తాడు. పక్కన ఇద్దరు ఉండి ఉంటే?

నెలకొక ఆదివారం, పొద్దున ఐదింటికి, జిల్లాకొక చోట 3,000, 5,000 మీటర్ల టైమ్ ట్రయల్ పెట్టండి. కావలసింది మూడు స్టాప్‌వాచీలు, ఛాతీ నంబర్లు, ల్యాపు లెక్క బోర్డు, చివరి ల్యాపుకి కొట్టే గంట, సంతకం పెట్టే ఇద్దరు అధికారులు. మా ఊళ్లో పీఈటీలు ముగ్గురు అడగకుండానే వస్తామన్నారు. కంప్యూటర్ టైమింగ్ తర్వాత చూసుకోవచ్చు. ఆ కాగితం జిల్లా సంఘం దగ్గర భద్రంగా ఉండాలి, సెలక్షన్లలో దానికి విలువ ఉండాలి. బుధవారం రాలేనివాడు ఆదివారం పరుగెత్తిన టైమింగుతో తలుపు తట్టగలగాలి. సెలక్షన్ల తేదీలు రెండు నెలల ముందు చెప్పండి. సోమవారం చెప్పి బుధవారం పెడితే డ్యూటీలు మార్చుకోవడం ఎవరివల్లా కాదు.

రోడ్డు పోటీల సంగతి మరీ ఘోరం. మా చుట్టుపక్కల పది కిలోమీటర్లని పెట్టిన ఒక పరుగుని నేనే తర్వాత చక్రంతో కొలిచాను. 9,300 మీటర్లు కూడా రాలేదు. అక్కడ 34 నిమిషాలు వచ్చిందని సంబరపడ్డ పిల్లలకి నిజం ఎలా చెప్పను? కొలవడం కష్టమేమీ కాదు. సైకిలు ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ అనే చిన్న లెక్క మిషను బిగిస్తారు. స్టీలు టేపుతో కొలిచిన తిన్నని రోడ్డు మీద ముందు నాలుగుసార్లు తొక్కి, కిలోమీటరుకి ఆ అంకెలు ఎన్ని తిరుగుతాయో చూసుకుంటారు. తర్వాత రన్నర్లు వెళ్లగలిగిన అతి దగ్గరి దారి పట్టుకుని, మలుపుల్లో రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో తొక్కుతూ వస్తారు. దారి పొరపాటున కూడా తగ్గకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు. మారథాన్‌కైతే 42 మీటర్లు. ప్రపంచమంతా కొలిచే పద్ధతి ఇదే. జిల్లాకొక దారిని ఒక్కసారి కొలిచి రోడ్డు మీద మేకులు కొట్టించండి. రోడ్డు మారనంతకాలం ఏళ్ల తరబడి పనికొస్తుంది.

సెలవుల గురించి ఎక్కువ రాయను. జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో పాల్గొనే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఏడాదికి 30 రోజుల దాకా స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. మంచిదే, కానీ అది ఎంపికైనవాడికి. ఎంపిక దాకా వెళ్లాల్సినవాడికి కావలసింది అరపూట సెలవు. ప్రైవేటు ఉద్యోగులకి అదీ ఉండదు. ఫలానా తేదీన జిల్లా పోటీలున్నాయి, మీ ఉద్యోగిని దయచేసి పంపండి అని మీ సంతకంతో ఒక కాగితం ఇస్తే చాలు. కొరియర్ మేనేజరు కూడా మనిషే. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చూస్తే ఒక్క పూట ఆలోచించేవాడని నా నమ్మకం.

ఆర్మీ, రైల్వే దారి ఉంది కదా అంటారు. ఉంది, దాని మీద నాకు ఎంతో గౌరవం. 1978లో జలంధర్‌లో 2:12:00 పరుగెత్తి నలభై ఏళ్లకు పైగా నిలిచిన రికార్డు పెట్టిన శివ్‌నాథ్ సింగ్ సైన్యం నుంచి వచ్చినవాడే. 2016 రియో ఒలింపిక్స్ మారథాన్‌లో ఒక్క సెకను తేడాతో 25, 26 స్థానాల్లో వచ్చిన గోపి తోనకల్, ఖేతారామ్ ఇద్దరూ ఆర్మీవాళ్లే. పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ లాంటివి ఇంకా రావాలి. కానీ ఆ తలుపులోంచి వెళ్లాలంటే చిన్న వయసులోనే ఎవరి కంట్లోనైనా పడాలి. దూరపు పరుగులో కాళ్లు పండేది ఆలస్యంగా. బోస్టన్ గెలిచినప్పుడు కవౌచికి 31. భర్తీ వయసు దాటాక పరుగు రుచి తెలిసినవాళ్లు, ఎత్తు చాలక వెనక్కి వచ్చినవాళ్లు, ఇంటి బాధ్యత వల్ల పదహారేళ్లకే పనిలో చేరినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది! వాళ్లకి రెండో తలుపు లేదు. మన రెండు రాష్ట్రాల నుంచి దూరపు పరుగులో దేశానికి ఆడినవాళ్ల పేర్లు ఎన్ని చెప్పగలమో మీరే ఒకసారి తలుచుకోండి. దూరపు పరుగు సాధనకు పనికొచ్చే ఎత్తు ప్రాంతాలు మనకీ ఉన్నాయి. అరకు లోయ 900 మీటర్ల ఎత్తున ఉంది, మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్ల పైన. చల్లటి గాలి ఉంది, ఎక్కే దారులున్నాయి, రోజుకి పది కిలోమీటర్లు నడిచి పనికి వెళ్లే మనుషులున్నారు.

నేను పతకం తెస్తానని చెప్పడం లేదు. నా మారథాన్ 3 గంటల 6 నిమిషాలు, వయసు 36. ఇంకా తగ్గిస్తాను, గట్టిగా ప్రయత్నిస్తాను. కానీ నా పక్కన పరుగెత్తేవాళ్లలో నాకంటే ఎంతో ముందుకు వెళ్లగలిగినవాళ్లు ఉన్నారని స్టాప్‌వాచ్ పట్టుకున్న చెయ్యి నాది కాబట్టి చెబుతున్నాను.

మా జిల్లాలో మొదటి టైమ్ ట్రయల్‌కి సున్నం, టేపు, నంబర్ల గుడ్డలు మేం తెస్తాం. గీతలు ముందురోజే వేసి ఉంచుతాం. ఆ ఆదివారం నాకు నైట్ డ్యూటీ పడకుండా చార్టు మార్పించుకుంటాను. ఆ కొరియర్ అబ్బాయి నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉంది. మీరు తేదీ చెప్పిన రోజే అతనికి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
ఉద్యోగం చేస్తూ పరుగెత్తే ఒక స్టాఫ్ నర్సు